పొద్దుగూకాక సైకిల్: చూడటానికి ఒక దీపం, కనబడటానికి ఒక దీపం

నవంబరు చివర్లో పర్లాకిమిడిలో సాయంత్రం ట్యూషన్ అయ్యేసరికి వీధి దీపాలు వెలిగిపోయి ఉంటాయి. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు వెళ్లే పిల్లలు గుంపులుగా సైకిళ్లెక్కుతారు. వాటిలో చాలావరకు తొమ్మిదో తరగతిలో ఒడిశా ప్రభుత్వం ఇచ్చినవే. ఒక్కదానికీ వెనక లైటు ఉండదు. మా పక్కింటి అబ్బాయి ఈమధ్య ఫోన్లో ఒక లైటు బొమ్మ చూపించి, "మావయ్యా, వెయ్యి ల్యూమెన్లట. ఇది కొంటే చాలా?" అని అడిగాడు. వాడికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నలో రెండు మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. బరంపురం నుంచి గోపాలపూర్ దాకా తెల్లవారుజామున రోడ్ బైక్‌ల మీద వెళ్లే కుర్రాళ్లకూ ఇదే గందరగోళం. డబ్బాల మీద అంకెలు పెరుగుతున్నాయి తప్ప, ఏ అంకె దేనికో చెప్పేవాళ్లు తక్కువ.

మన వైపు చీకటి ఎందుకు తొందరగా పడుతుంది

మార్గశిరాన మాట్లాడ పొద్దు ఉండదని, పుష్యాన పూస గుచ్చ పొద్దు ఉండదని పెద్దలంటారు. చలికాలంలో పగలు చిన్నది కాబట్టి ఆ మాట. దానికి తోడు మన వైపు మరో లెక్క కూడా ఉంది. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పున ఉన్నవాళ్లకు ముందు వస్తాడు, ముందు పోతాడు. రేఖాంశం ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. జూన్ చివర్లో పర్లాకిమిడిలో సూర్యాస్తమయం 6.35 ప్రాంతంలో. నవంబరు చివరి వారానికి అది దాదాపు 5.15కి వచ్చేస్తుంది. అదే రోజు మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో, అక్కడి తెలుగువాళ్లకు, మరో పావుగంట పైగా వెలుతురు ఉంటుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సాయంత్రాలు అన్నిటికంటే ముందుగా చీకటి పడేది నవంబరు చివర్లో. ఉదయాలు అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి మధ్యలో, సంక్రాంతి రోజుల్లో, దాదాపు 6.30కి. అంటే సాయంత్రం సైకిల్ తొక్కేవాళ్లకు గడ్డుకాలం ముందుగా వస్తుంది, పొద్దున్నే తొక్కేవాళ్లకు తర్వాత వస్తుంది. సంక్రాంతి నాటికి సాయంత్రాలు ఇరవై నిమిషాలు సాగి ఉంటాయి, పొద్దున ఆరు గంటలకు మాత్రం ఇంకా మసకే.

సూర్యుడు దిగాక ఓ ఇరవై నిమిషాల పైచిలుకు మసక వెలుతురు ఉంటుంది. మన ఇళ్లలో అసురసంధ్య అనేది ఆ వేళనే. నా దృష్టిలో నిండు చీకటి కంటే ఇదే కష్టమైన సమయం. సైకిల్ తొక్కేవాడికి దారి బాగానే కనబడుతుంది కాబట్టి లైటు వెయ్యడు. ఎదురుగా పడమటి ఆకాశం ఇంకా వెలుగుతుంటే దాని ముందున్న మనిషి నల్లటి ఆకారంగా మారి, చెట్ల నీడల్లో కలిసిపోతాడు. మనకు అన్నీ కనబడుతున్నాయి కాబట్టి మనమూ కనబడుతున్నామని అనుకుంటాం. దేశంలో రోడ్డు ప్రమాదాలపై కేంద్రం ఏటా ఇచ్చే లెక్కల్లోనూ సాయంత్రం 6 నుంచి 9 వరకు ఉన్న మూడు గంటలే తరచూ పైన ఉంటాయి.

ఒక పేరు, రెండు పనులు

సైకిల్ లైటు అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనిముట్లు అమ్ముతున్నారు. ఒకటి దారి చూపించేది: గుంత ఎక్కడుంది, రాయి ఎక్కడుంది, మలుపు ఎటుంది. రెండోది మనల్ని ఇతరులకు చూపించేది. మొదటిదానికి వెలుగు రోడ్డు మీద పడాలి. రెండోదానికి వెలుగు ఎదుటివాడి కంట్లో పడాలి, అలాగని వాడి కళ్లు చెదరకూడదు. బజారులో చవగ్గా దొరికే బొత్తాంలాంటి లైట్లు రెండో పని మాత్రమే చేస్తాయి. వాటితో పల్లె దారిలో గుంత కనబడలేదని వాటిని తిట్టుకోవడం న్యాయం కాదు.

బరంపురంలో వీధి దీపాల కింద తిరిగేవాడికి మొదటి పనితో పెద్దగా అవసరం ఉండకపోవచ్చు. గుణుపురం దాటాక పొలాల మధ్య ఇంటికి పోయేవాడికి రెండూ కావాలి. ఒకే లైటు అందరికీ సరిపోదని చెప్పేది ఇందుకే.

ల్యూమెన్, లక్స్: డబ్బా మీద అంకెల సంగతి

ల్యూమెన్ అంటే దీపం నుంచి అన్ని వైపులా కలిపి బయటికి వచ్చే మొత్తం వెలుగు. లక్స్ అంటే ఆ వెలుగు ఒక చోట ఎంత పడింది అన్నది. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. కుళాయి నుంచి ఎంత నీరు వచ్చిందన్నది ల్యూమెన్, మొక్క మొదట్లో ఎంత పడిందన్నది లక్స్ అనుకుంటే సరిపోతుంది. బిందెడు నీళ్లు చుట్టూ చిమ్మేస్తే మొక్కకు చెంబెడు కూడా అందకపోవచ్చు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతవుతుంది. పది మీటర్ల దూరంలో 40 లక్స్ ఇచ్చే లైటు ఇరవై మీటర్ల దగ్గర 10 లక్సే ఇస్తుంది, నలభై మీటర్ల దగ్గర రెండున్నర. పోలికకు, నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ ఉంటుంది.

అందుకే వెయ్యి ల్యూమెన్లను గుండ్రంగా, టార్చిలా చిమ్మే లైటు కంటే, తక్కువ ల్యూమెన్లను కారు హెడ్‌లైటులా పైభాగం కత్తిరించి రోడ్డు మీదే పరిచే లైటు దారిని బాగా చూపించగలదు. జర్మనీలో సైకిల్ లైట్ల నిబంధన ల్యూమెన్ల జోలికే పోదు. పది మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ ఉండాలని, పైకి పోయే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదని చెబుతుంది. మన దగ్గర అమ్మే డబ్బాల మీద లక్స్ అరుదుగా రాస్తారు. పెద్ద అంకె ల్యూమెన్లకే వస్తుంది కదా.

ఎంత వెలుగు సరిపోతుందన్నది వేగం మీద ఆధారపడుతుంది. గంటకు 18 కి.మీ. అంటే సెకనుకు 5 మీటర్లు. గుంత చూసి బ్రేకు పట్టేలోపు సెకనున్నర పోయిందనుకుంటే ఏడున్నర మీటర్లు దాటిపోతాం. మామూలు బ్రేకులతో నెమ్మదిగా ఆగడానికి ఇంకో ఐదు. మొత్తం పన్నెండున్నర. అదే రోడ్ బైక్ మీద గంటకు 30 కి.మీ. వేగంతో పోతే, అదే లెక్కన, ఆగడానికి 26 మీటర్లు పైనే కావాలి. వేగం రెండింతలు కూడా కాకుండానే దూరం రెండింతలు దాటింది. దారి పదమూడు మీటర్లు చూపించే లైటు ట్యూషన్ పిల్లవాడికి చాలు. గోపాలపూర్ దారిలో ముప్పై మీద పోయేవాడికి అది ప్రమాదం.

వెనక వచ్చే డ్రైవరు లెక్క

ఇప్పుడు అవతలి సీట్లో కూర్చుని చూద్దాం. ఇచ్ఛాపురం, గిరిసోల మీదుగా బరంపురం పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక కారు గంటకు 72 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున వస్తోంది. ముందు ఒక సైకిల్ సెకనుకు 5 మీటర్లతో పోతోంది. అంటే వాటి మధ్య దూరం సెకనుకు 15 మీటర్లు తరుగుతోంది. డ్రైవరు చూసి, అది సైకిలని అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికి రెండు సెకన్లు: ముప్పై మీటర్లు పోయాయి. అక్కణ్నుంచి సైకిల్ వేగానికి దిగడానికి మరో 22 మీటర్లు. అంటే కనీసం 52 మీటర్ల ముందు సైకిల్ వాడు కంటబడాలి. సైకిల్ చైను ఊడి ఆగి ఉంటే 80 మీటర్లు.

లో బీమ్‌లో, అంటే కిందికి దించిన హెడ్‌లైటు వెలుగులో, ముదురు రంగు చొక్కా అంత దూరాన కనబడటం కష్టం. డ్రైవరు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఇక్కడ రాదు. జాగ్రత్తపరుడికి కూడా కన్ను అందని దూరం అది. అందుకే ముందు లైటు కంటే వెనక ఎర్ర లైటుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ముందు నుంచి వచ్చే ప్రమాదాన్ని మనం కొంతవరకు చూసి తప్పుకోగలం. వెనక నుంచి వచ్చేదాన్ని చూడగలిగేది ఆ డ్రైవరు ఒక్కడే.

మెరిసే రంగు వేరు, వెలుగును తిప్పి పంపే పట్టీ వేరు

రోడ్డు పనివాళ్లు వేసుకునే జాకెట్టులో రెండు రకాల సరుకు ఉంటుంది. నిమ్మపండు రంగో నారింజ రంగో ఉన్న బట్ట ఫ్లోరసెంట్. ఎండలో కంటికి కనబడని అతినీల కాంతిని తీసుకుని కనబడే రంగుగా మారుస్తుంది. మబ్బు రోజున, తెల్లవారుతున్నప్పుడు, సందెవేళ బాగా పనికొస్తుంది. రాత్రి ఆ కాంతి ఉండదు కాబట్టి, హెడ్‌లైటు ముందు అది మామూలు పసుపు చొక్కాతో సమానం.

బూడిద రంగు పట్టీ అలా కాదు. దానిలో సన్నని గాజు పూసలో, మూలలు కలిసిన చిన్న పట్టకాలో ఉంటాయి. వెలుగు ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి పంపుతాయి. హెడ్‌లైటు పక్కనే డ్రైవరు కళ్లు ఉంటాయి కాబట్టి అతనికి తళుక్కుమంటుంది. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి ఏమీ కనబడదు. హైవే బోర్డులు పనిచేసేదీ ఇలాగే. హెడ్‌లైటు లేని బండి వస్తే, ఆ పట్టీ ఉన్నా లేనట్టే. బురద పట్టినా అంతే.

ఆ పట్టీ ఒంటి మీద ఎక్కడ ఉంది అన్నది కూడా ముఖ్యం. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు రాత్రిపూట డ్రైవర్లతో ఒక దారిలో బండి నడిపించి, పక్కన సైకిల్ తొక్కుతున్న మనిషిని ఎంతమంది గుర్తిస్తారో చూశారు. నల్ల బట్టలు వేసుకున్నప్పుడు నూటికి ఇద్దరు. ఫ్లోరసెంట్ జాకెట్టుకు 15 మంది. పట్టీల జాకెట్టుకు 50 మంది. అదే జాకెట్టుతో పాటు మోకాళ్లకు, చీలమండలకు పట్టీలు కడితే 90 మంది. ఇంత తేడా ఎందుకంటే, కదిలే కాళ్లను చూడగానే అది మనిషని మన మెదడు పట్టేస్తుంది. వీపు మీద మెరుపు స్తంభమూ కావచ్చు, బోర్డూ కావచ్చు. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులు మాత్రం పెడలు తొక్కే కాళ్లే. పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు బిగించేదీ ఇందుకే. బరువనీ, బాగోవనీ రోడ్ బైక్‌ల నుంచి వాటిని పీకేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

పసుపు జాకెట్టు నిజంగా ప్రమాదాలు తగ్గిస్తుందా

కనబడటం వేరు, ప్రమాదం తప్పడం వేరు. దీనిమీద డెన్మార్క్‌లో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. ఒకదానిలో 6,793 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పసుపు జాకెట్టు ఇచ్చారు. ఇతరులతో ఢీకొని గాయపడటం ఆ గుంపులో 47 శాతం తక్కువని తేలింది. అయితే ప్రమాదాల సంగతి చెప్పింది తొక్కేవాళ్లే. జాకెట్టు వేసుకున్నవాళ్లు తమంతట తాము పడిపోవడం కూడా తక్కువగా రాశారు. జారిపడటాన్ని జాకెట్టు ఆపలేదు కదా. అంటే కొందరు చెప్పకుండా వదిలేశారన్నమాట. పరిశోధకులే ఆ తేడాను తీసేసి 38 శాతం అన్నారు. మరోదానిలో, ఒడెన్స్ నగరంలో, 3,845 మంది పాల్గొన్నారు. పగలూ రాత్రీ ఎప్పుడూ వెలిగే లైట్లున్నవాళ్లకు 19 శాతం తక్కువ ప్రమాదాలు.

వీటిని మన దారులకు నేరుగా అన్వయించలేం. అక్కడ సైకిళ్లకు వేరే దారులున్నాయి, డ్రైవర్లకు సైకిల్ కోసం చూసే అలవాటుంది. ఇంకో వాదన కూడా ఉంది: ఎప్పుడూ కనబడే బాధ్యతంతా సైకిల్ వాడి మీదే పెడితే, చూడాల్సిన డ్రైవరు బాధ్యత, దీపాలు వెయ్యాల్సిన మున్సిపాలిటీ బాధ్యత తేలికవుతుందని. ఆ వాదనలో బలముందని ఒప్పుకుంటాను. ఏడాది కిందట మా వీధి మలుపులో దీపం నాలుగు నెలలు వెలగలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. కానీ ఆ నాలుగు నెలలూ పిల్లలు అదే మలుపులో తొక్కారు.

పగటి లైటు ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన మోటారు సైకిళ్లకు హెడ్‌లైటు ఆపే స్విచ్చే లేదు. మొదట్లో ఎదుటివాళ్లు చేత్తో సైగ చేసి లైటు ఆపమనేవాళ్లు. ఇప్పుడు ఎవరూ అనరు.

మినుకుమనాలా, నిలకడగా వెలగాలా

మినుకుమనే లైటు తొందరగా చూపును లాగుతుంది. బ్యాటరీ కూడా ఎక్కువ సేపు వస్తుంది. కానీ అది ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా పోతోంది అన్నది అంచనా వేయడం కష్టం, ముఖ్యంగా చుట్టూ ఇంకే వెలుతురూ లేని దారిలో. రెండు మినుకుల మధ్య అది చీకట్లో ఉన్నట్టే. దేశాలకే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. జర్మనీ మినుకు లైట్లను ఒప్పుకోదు. బ్రిటన్ 2005 నుంచి అనుమతిస్తోంది. నా అనుభవంలో పగలు, సందెవేళ మినుకు పనికొస్తుంది. చీకటి దారిలో నిలకడగా వెలిగే ఎర్ర దీపమే మేలు. రెండూ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, ఒకటి సీటు కింద, ఒకటి హెల్మెట్టు మీద. ఒకటి హఠాత్తుగా ఆరిపోతే రెండోది ఉంటుంది. వెనక లైటు ఆరిన సంగతి తొక్కేవాడికి తెలియదు.

బ్యాటరీ మాట, డైనమో మాట

డబ్బా మీద 12 గంటలని రాసి ఉంటుంది. అది చాలాసార్లు అన్నిటికంటే తక్కువ వెలుగులోనో, మినుకు మోడ్‌లోనో. లెక్క మనమే వేసుకోవచ్చు. లోపల 2,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 7.4 వాట్ అవర్లు. 400 ల్యూమెన్లకు ఒక ఎల్‌ఈడీ సుమారు 4 వాట్లు తీసుకుంటుందనుకుంటే, గంటా యాభై నిమిషాల కంటే ఎక్కువ రాదు. అంత చిన్న బ్యాటరీతో వెయ్యి ల్యూమెన్లు మూడు గంటలని ఎవరైనా రాస్తే ఆ లెక్క కుదరదు. పక్కింటి అబ్బాయి చూపించిన లైటు సంగతి అదే.

నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు కూడా డబ్బా మీద ఉంటుంది. ఐపీఎక్స్ 4 అంటే అన్ని వైపుల నుంచి చిందే నీళ్లను తట్టుకుంటుంది. ఐపీఎక్స్ 6 అయితే గట్టి నీటి ధారను కూడా. మధ్యలో ఎక్స్ ఉందంటే దుమ్ముకు పరీక్ష చెయ్యలేదని అర్థం, దుమ్ము లోపలికి పోదని కాదు.

మా నాన్నగారి సైకిల్‌కి టైరుకు ఆనుకుని తిరిగే డైనమో ఉండేది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. తొక్కుడు బరువయ్యేది, వానలో టైరు మీద జారిపోయేది, ఆగితే దీపం ఆరేది. ఇప్పుడు చక్రం ఇరుసులోనే ఉండే డైనమోలు వచ్చాయి, ఆగాక కూడా కాసేపు వెలిగే లైట్లతో. ఖరీదెక్కువ. కానీ ఛార్జింగ్ మరిచిపోయే మనిషికి అంతకంటే మంచి స్నేహితుడు లేడు.

చట్టం ఏమంటుంది

ఇంజిను లేదు కాబట్టి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. మోటారు బళ్లకు ఉన్నంత వివరమైన లైట్ల నిబంధనలు అందుకే దానికి వర్తించవు. ఒకప్పుడు పట్టణాల్లో సైకిల్‌కి లైసెన్సు బిళ్ల ఉండాలి, రాత్రి దీపం ఉండాలి. లేదంటే పోలీసులు పట్టుకుని గాలి తీసేసేవారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. రిఫ్లెక్టర్ల విషయంలో మాత్రం 2020లో కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అవి భారతీయ ప్రమాణానికి తగ్గట్టు ఉండాలంటుంది. ఆ బాధ్యత తయారుచేసేవాళ్లది. తర్వాత విరిగిపోతే అడిగేవాళ్లు లేరు.

మన దారుల్లోనే ఉండే చిక్కులు

చలికాలం అంటే ఇక్కడ వరి కోతల కాలం. తారు రోడ్డే కల్లం అవుతుంది. పగలు ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి అక్కడే ఉండిపోతాయి. నూర్చిన గడ్డి చక్రానికీ చైనుకూ చుట్టుకుంటుంది. ధాన్యం బస్తాల ట్రాక్టరు ట్రాలీకి వెనక దీపం ఉండదు. కొన్ని ట్రాక్టర్లకు ఒక హెడ్‌లైటే వెలుగుతుంది, దూరం నుంచి మోటారు సైకిల్ అనుకుంటాం, దగ్గరికొచ్చాక రోడ్డంతా అదే. ఈ నెలల్లో దారి చూపించే దీపం ఖర్చు దండగ కాదని నేననేది ఈ రాళ్ల గురించే.

కోరాపుట్ వైపు, సాలూరు నుంచి సుంకి మీదుగా ఎక్కే ఘాట్‌లో, సమస్య పొగమంచు. అక్కడ ఎక్కువ వెలుగు ఎక్కువ మేలు చెయ్యదు. మంచులోని నీటి తుంపరలు వెలుగును మన కళ్ల వైపే తిప్పికొట్టి, ముందు తెల్లటి గోడ కడతాయి. హెల్మెట్టు మీద పెట్టిన లైటు మరీ ఇబ్బంది, ఎందుకంటే వెలుగు పుట్టే చోటుకు కన్ను మరీ దగ్గర. కిందగా, రోడ్డు మీదికి వంచిన తక్కువ వెలుగుతో నాలుగు అడుగులు ఎక్కువ కనబడతాయి. మంచుకు తడిసిన తెల్ల గీతలు, వంతెన మీది ఇనుప పట్టీలు జారతాయి, దిగుడులో ఇంకా ఎక్కువ.

హైవే మీద ఎదురు లారీ హై బీమ్ కళ్లలో పడ్డాక కొన్ని సెకన్లపాటు ఏమీ తెలియదు. సెకనుకు ఐదు మీటర్ల చొప్పున, నాలుగు సెకన్లంటే ఇరవై మీటర్లు గుడ్డిగా పోయినట్టే. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. పోగొట్టుకోవడానికి ఒక్క లారీ చాలు. హెల్మెట్టు ముందుండే చిన్న చూరు ఇక్కడ అక్కరకొస్తుంది, తల కాస్త వంచితే ఆ వెలుగును అడ్డుకుంటుంది. మనమే వెయ్యి ల్యూమెన్ల టార్చి ఎత్తిపెట్టి తొక్కితే, ఎదురుగా వచ్చే సైకిల్ వాడికి మనమే ఆ లారీ.

పక్కింటి అబ్బాయి చివరికి ఆ వెయ్యి ల్యూమెన్లది కొనలేదు. మామూలు ముందు లైటు ఒకటి, నిలకడగా వెలిగే ఎర్ర లైటు ఒకటి కొన్నాడు. మిగిలిన డబ్బుతో మెరుపు పట్టీ ఒక గజం తెచ్చి, వాళ్లమ్మతో ముక్కలు కుట్టించి, తనకూ ఇద్దరు స్నేహితులకూ చీలమండలకు కట్టాడు. నిన్న సాయంత్రం ఐదున్నర దాటాక వంతెన మీద నా బండి హెడ్‌లైటులో ముందుగా కనబడినవి ఆ ఆరు మెరుపులే, పైకీ కిందికీ ఆడుతూ. ఎవరి చొక్కా ఏ రంగో దగ్గరికెళ్లేదాకా తెలియలేదు.